ఇత్తడి మూతి

1982 జూన్‌లో నన్ను వరంగల్‌కు పంపారు. టార్పెడో మెకానిక్‌ను సముద్రం లేని ఊరికి పంపడం శిక్ష కాదని అక్కడి మా కమాండింగ్ ఆఫీసర్ అన్నారు. నేను ఇప్పటికీ నమ్మను. నా హోదా పెట్టీ ఆఫీసర్. కళాశాల విద్యార్థులకు నౌకాదళ పాఠాలు చెప్పడం నా పని. చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా పదోన్నతి రావాలంటే ఆ ఏడాది ఆయన సిఫార్సు కావాలి.

టార్పెడో అంటే జలాంతర్గామి వదిలితే నీటి అడుగున తనంతట తాను దూసుకుపోయే బాంబు. అది ఎంత లోతున పోవాలో ముందే అమర్చాలి. రెండో ప్రపంచ యుద్ధంలో ఎన్నో టార్పెడోలు శత్రు నౌకల కిందుగా వెళ్లిపోయాయి. పరీక్షల్లో తేలికపాటి ఉత్తుత్తి తల, యుద్ధంలో బరువైన మందుగుండు తల బిగించడం అందుకు ఒక కారణం. నావికులు మొత్తుకుంటే, గురి సరిగా చూసుకోమని పైనుంచి జవాబు వచ్చేది. ఈ పాఠం ఆఫీసర్ గారి ఎదుటే రెండుసార్లు చెప్పాను.

డిసెంబర్ ప్రదర్శన కోసం రేకు, గడియారం స్ప్రింగుతో నమూనా టార్పెడో చేశాను. సిమెంటు తొట్టిలో చెక్క ఓడను పదకొండుసార్లు కొట్టింది. ప్రదర్శన రోజు ఉదయం ఆఫీసర్ గారు మూతి బోసిగా ఉందని ఇత్తడి మూతి తొడిగించారు. మళ్లీ ఒకసారి వదిలి చూద్దామన్నాను. తొట్టి చుట్టూ ముగ్గులేశారు, తడపొద్దన్నారు.

ముఖ్య అతిథి మీట నొక్కారు. టార్పెడో ఓడ కిందుగా మునిగిపోయి, అవతలి గోడ అడుగున ఉన్న బిరడాను ఊడగొట్టింది. నీళ్లన్నీ పోయాయి. ముగ్గులూ అతిథి బూట్లూ తడిశాయి. ఓడ మాత్రం చెక్కుచెదరకుండా తొట్టి అడుగున కూర్చుంది.

పొద్దున మూతి తొడిగినప్పటి నుంచీ చూస్తున్నవాళ్లలో సమ్మయ్య ఉన్నాడు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు తూచే దడువాయి.

“సార్, జర ఏమనుకోకుండ్రి. ఖాళీ సంచికి తక్కెడ సరిచేసి, నిండు సంచి ఎత్తిండ్రు. ఎట్ల నిలుస్తది?”

“సంచి మార్చింది నేను కాదు, సమ్మయ్యా.”

“మార్చిన సారు ఫికర్ లేకుంట నవ్వుతాండు. మీకెందుకు చెమటలు?”

ఆఫీసర్ గారు నివేదికలో “బోధకుడు గురి సరిగా చూడలేదు” అని రాశారు. ఆ ఏడాది పదోన్నతి రాలేదు. సమ్మయ్య ఆ ఇత్తడి మూతిని తూచి ఇచ్చిన బరువు చీటీని జతచేసి ఏడు ఫిర్యాదులు పంపాను. ఏడోదానితో ఇత్తడి మూతి కూడా పార్సెల్ చేశాను. మూతి అందినట్టు రసీదు వచ్చింది. మిగతా విషయం గురించి ఒక్క ముక్క లేదు.

యుద్ధంలో ఏ తల బిగిస్తామో పరీక్షలోనూ అదే తల బిగించాలి. ఆఖరి నిమిషంలో తల మార్చినవాడి చేత అక్కడికక్కడే సంతకం పెట్టించుకోవాలి. రెండోది ఏ శిక్షణలోనూ నాకు చెప్పలేదు.