రెండో చుట్టు

మా రోజుల్లో ఆడది పరిగెత్తిందంటే రెండే కారణాలు. వెనక ఎద్దన్నా తరుముతుండాలి, ముందు బిడ్డన్నా బావి గట్టెక్కి ఉండాలి. ఊరికే పరిగెత్తడం పిచ్చివాళ్ళ పని. ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, ఇద్దరు పిల్లల తల్లినై ఉండి, కడపలో నేను ఆ పిచ్చి పని మొదలుపెట్టాను. సరదాకు కాదు. పరిగెత్తకపోతే నా పిల్లలు నాకు దక్కరు.

మా ఆయన విషజ్వరంతో మూడు రోజుల్లో పోయాడు. అప్పటికి కూతురికి మూడేళ్ళు, కొడుకు కడుపులో ఉన్నాడు. మాది రాయచోటి అవతల మెట్టపొలాల ఊరు. ఇల్లు పెద్దదే. ఆయన పోయాక ఆ పెద్దింట్లో నాకు మిగిలింది వంటిల్లు ఒక్కటే. పెళ్ళికి ముందు చదివిన ఎనిమిదో తరగతి అటకమీది సామానులా పడి ఉండేది. దాన్ని దులిపి దరఖాస్తు పెడితే కడపలో ఆడవాళ్ళ టీచరు ట్రైనింగుకు పిలుపొచ్చింది. మా ఆయన అన్న, అంటే మా బావ, వసారాలో కూర్చోబెట్టి చెప్పాడు.

"పో మా. నేను వద్దనను. కానీ ఒక్క మాట. పాసయితే నీ బతుకు నీది, పిల్లోల్ని నువ్వే సాక్కో. తప్పితివంటే మాత్రం పిల్లోల్ని నేను తోడుకోనొస్తా. మా ఇంటి పిల్లోల్లు బాడిగ కొట్టంలో పెరిగేదానికి లేదు. నువ్వు యాడుంటావో నీ ఇష్టం."

ఆయన చెడ్డవాడు కాదు. మాట తప్పేవాడూ కాదు, నా భయమంతా అదే. ఆయనకు ముగ్గురూ ఆడపిల్లలే. నా కొడుకుని భుజాన వేసుకున్నప్పుడు ఆయన ముఖం ఎలా వెలిగిపోయేదో నాకు తెలుసు.

పాఠాలు నన్నేమీ భయపెట్టలేదు. లెక్కలు, కుట్టుపని, బోర్డుమీద రాత అన్నీ కుదిరాయి. నా ప్రాణానికి వచ్చింది డ్రిల్లు. డ్రిల్లు టీచరమ్మ కోస్తా నుంచి వచ్చిన మనిషి, సన్నగా, బెత్తంలా ఉండేది. మెడలో ఈలా, చేతిలో స్టాప్ వాచీ. మొదటి వారంలోనే మైదానంలో సున్నం గీత చూపించింది.

"ఈ చుట్టు రెండు ఫర్లాంగులు. రెండు చుట్లు తిరిగితే అరమైలు. ఏడాది చివర దాన్ని నాలుగున్నర నిమిషాల్లో ముగించాలి. పిల్లల ముందు ఆయాసపడే టీచరు నాకక్కర్లేదు. ఇందులో తప్పితే అన్నిట్లోనూ తప్పినట్టే."

ఆ రోజు నేను ఒక చుట్టు కూడా తిరగలేదు. కుచ్చిళ్ళు కాళ్ళకు చుట్టుకుని బోర్లాపడ్డాను. అరచేతుల నిండా పల్లేరు ముళ్ళు దిగాయి. తోటి ఆడవాళ్ళు నవ్వారు. లేచి, గీత పక్కన కూర్చుని, మధ్యాహ్నం తిన్న సంగటి కక్కుకున్నాను. ఆ పూట ముళ్ళు తీసుకుంటుంటే ఒక్కో ముల్లుకూ బావ గొంతు వినపడింది. తప్పితివంటే, తప్పితివంటే.

పరిగెత్తడం నేర్చుకోవాలంటే చోటు కావాలి, వేళ కావాలి, పిల్లల్ని చూసే మనిషి కావాలి. చోటుకు కొదవ లేదు. నేనున్న కొట్టం ఊరి చివర, రాయచోటి రోడ్డు పక్కనే. ఫర్లాంగుకొక రాయి పాతి ఉంది. వేళంటే తెల్లవారుజామే, జనం చూడరు. మనిషి మాత్రం దొరకలేదు. పక్కింటి అవ్వ పగలంతా పిల్లల్ని చూసేది. తెల్లారకముందు సంగతి అడిగితే చేతులు జోడించింది. "పగులు చూస్తాండాలే మా. కోడి గుయ్యకముందే లేయమంటే నా వల్ల గాదు." ఒక రోజు నిద్రపోతున్న పిల్లల్ని లోపలుంచి బయట గొళ్ళెం పెట్టి పోయాను. తిరిగొచ్చేసరికి కొడుకు తలుపు వెనక ఏడ్చి ఏడ్చి నీలమై ఉన్నాడు. మళ్ళీ ఆ పని చెయ్యలేదు.

ఇద్దర్నీ వెంటబెట్టుకుని పోయేదాన్ని. కూతురికి ఐదేళ్ళు, కొడుకుకు రెండేళ్ళు. ఫర్లాంగు రాయి పక్కన గోనెసంచి పరిచి కూర్చోబెట్టి, తమ్ముడి మొలతాడు గట్టిగా పట్టుకొమ్మని దానికి అప్పజెప్పేదాన్ని. నేను రెండు ఫర్లాంగులు అటు, రెండు ఇటు. గడియారం లేదు. అంకెలు నేర్పి కూతుర్నే గడియారం చేశాను. నూరు లెక్కపెట్టగానే ఒక చింతగింజ పక్కన పెట్టాలి. రెండు గింజల మీద డెబ్బై అయ్యేలోపు నేను తిరిగొచ్చి రాయి ముట్టాలి. ఒక్కో అంకె ఒక్కో సెకను. టీచరమ్మ వాచీ టిక్కులు విని ఆ లయ ఇంటికి తెచ్చాను.

పోయేటప్పుడు వాడు ఏడ్చేవాడు. చీకట్లో నా తెల్లచీర దూరమైపోతుంటే పాపం వాడికేం తెలుసు! వెనక్కి తిరగకుండా పరిగెత్తడం నాకు కాళ్ళనొప్పికన్నా కష్టంగా ఉండేది. అందుకని ఒక ఆట పెట్టాను. తిరిగొచ్చేటప్పుడు రాయి దగ్గరికి రాగానే ఆగకుండా వంగి, వాణ్ణి అమాంతం ఎత్తి గాల్లో తిప్పేదాన్ని. వారం తిరిగేసరికి ఏడుపు మానేశాడు. నా అడుగుల చప్పుడు వినపడగానే లేచి నిలబడి రెండు చేతులూ చాచేవాడు. అమ్మ పరిగెత్తుకుంటూ వస్తోందంటే ఎత్తుకోవడానికే. వాడికి ఆ సంగతి నేనే నేర్పాను.

కొండ నుంచి కట్టెలు మోసుకొచ్చే ఆడవాళ్ళు ఆ రోడ్డుమీదే టౌనుకు వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒకామె, నా వయసే ఉంటుంది, మొదటి రోజే నెత్తిమీది మోపు దించకుండా నిలబడి అడిగింది.

"ఏం మా, ఎవురన్నా తరుముతాండారా?"

లేదని, పరీక్షకని చెప్పాను. ఆమె నవ్వలేదు. నా కుచ్చిళ్ళ వంక చూసింది. "ఆ కట్టుతో నడిచేదే కష్టం, పరిగెత్తేది యాడ! మా మాదిరి గోచి పెట్టుకో. నోరు మూసుకో. పొద్దుగూకులూ ముక్కుతోనే ఊపిరి తీసుకోవల్ల. మోపు మోసేదానికి ఎవురూ నేర్పల్యా, మేం నేర్చుకోల్యా?" మా ఇంట్లో గోచి పెట్టేది కూలికి వచ్చే ఆడవాళ్ళు. పెద్దింటి కోడలు, అందులోనూ మొగుడు పోయినది, పిక్కలు కనపడేలా చీర కట్టి రోడ్డు మీద పరిగెత్తడమా! సిగ్గుతో ముఖం మండిపోయింది. మరునాడు గోచి పెట్టాను. ఆ రోజు నుంచి మళ్ళీ పడలేదు.

నెలలు గడిచాయి. కూతురి లెక్క మూడు గింజలు దాటేది మొదట్లో. తర్వాత రెండు గింజల మీద తొంభై, ఎనభై. సంక్రాంతి పోయి చలి తగ్గేసరికి రెండు గింజల మీద అరవైకి దిగింది. గెలిచేశాననుకున్నాను. పరీక్ష పదిహేను రోజులుందనగా టీచరమ్మ ఒకసారి మైదానంలో పరిగెత్తించి చూసింది. నేను ధీమాగా ముగించి ఆమె చేతిలోని వాచీ వైపు చూశాను.

"ఐదు నిమిషాల పన్నెండు సెకన్లు," అందామె. "మీకు కష్టమేనమ్మా."

నాకు నమ్మకం కుదరలేదు. వాచీ పాడయిందేమో అనుకున్నాను. మరునాడు తెల్లవారుజామున ఇరవై అంగలు పరిగెత్తి తుమ్మచెట్టు వెనక ఆగి చెవులు రిక్కించాను. నా కూతురు లెక్కపెడుతోంది. "ముప్పయ్యొకటీ..." ఆగి, తమ్ముడి చొక్కా సర్ది, "ముప్పై... రెండూ..." అంటోంది. వెనక్కి వచ్చి గట్టిగా అడిగాను, అట్లా ఎందుకు లెక్కపెడుతున్నావని.

"రెండు గింజల మీద డెబ్బై దాటితే నీ మొగం మారిపోతాండాదిమా," అంది. "అందుకే మెల్లగా చెప్తాండా. మెల్లగా చెప్తే నువ్వు నగుతావు."

చెయ్యి లేచింది. వీపుమీద ఒక్కటి వేశాను. ఏం పాపం చేసిందని? నేను నవ్వాలనుకుంది, అంతే. అది ఏడవలేదు కూడా, మొలతాడు వదలకుండా నన్నే చూస్తూ కూర్చుంది. ఆ దెబ్బ నాకు ఇప్పటికీ అరచేతిలో ఉంది.

పదిహేను రోజులు, నలభై రెండు సెకన్లు. ఇక అంకెల్ని నమ్మే ధైర్యం లేదు. కట్టెలామెను బతిమాలాను. ఆమె నడక ఏ రోజూ మారదు. మోపుతో రెండు ఫర్లాంగుల అవతలి రాయి దగ్గరికి రాగానే ఆమె ఒక కేక వేస్తుంది. పిల్లల దగ్గరున్న నేను అప్పుడు బయల్దేరాలి. దారిలో ఆమెకు ఎదురుపడి, ఆ రాయి ముట్టి, వెనక్కి తిరిగి, ఆమెకన్నా ముందే పిల్లల్ని చేరుకోవాలి. మొదటి రోజు నేను వచ్చేసరికి ఆమె మోపు దించి, మా వాడికి రేగుపళ్ళు పెడుతోంది. వారం తిరిగేసరికి ఇద్దరం ఒకేసారి చేరాం. చివరి మూడు రోజులు నేనే ముందు. కానీ ఆమె నడక నాలుగున్నర నిమిషాలో, ఐదు నిమిషాలో మాకిద్దరికీ తెలియదు.

మిగతా పరీక్షలన్నీ గట్టెక్కి ఈ పరుగొక్కటే మిగిలింది. ఆ పరీక్ష రోజు పొద్దున అవ్వకు జ్వరం. పిల్లల్ని మైదానానికి తీసుకుపోక తప్పలేదు. గేటు దగ్గరి వేపచెట్టు కింద గోనెసంచి వేసి కూర్చోబెట్టాను. "తమ్ముణ్ణి వదలొద్దు. ఈ పొద్దు లెక్కపెట్టొద్దు." సరేనంది. అయినా ఒడిలో చింతగింజలు తెచ్చుకుంది. అప్పుడే గేటులోంచి మా బావ వచ్చాడు. మొదటి బస్సుకు వచ్చినట్టున్నాడు, తెల్లటి పంచె నిండా దుమ్ము. గోచికట్టులో ఉన్న నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. గేటు పక్కనే నిలబడిపోయాడు. ఆయన ఎందుకు వచ్చాడో అడగాల్సిన పని నాకు లేదు.

ఐదుగురం గీత మీద నిలబడ్డాం. టీచరమ్మ ఈల ఊదింది. నోరు మూసుకున్నాను, ముక్కుతో ఊపిరి. నేల కాలుతోంది. పల్లేరు ముల్లు ఒకటి మడమలో దిగింది, వదిలేశాను. మొదటి చుట్టు సగమయ్యేసరికి ఇద్దరు వెనకబడ్డారు. నాకు వాళ్ళతో పనిలేదు, టీచరమ్మ చేతిలోని వాచీ ముల్లుతోనే నా పందెం.

మలుపు తిరిగి వేపచెట్టు వైపు వస్తుంటే మా వాడు నా అడుగుల చప్పుడు విన్నాడు. లేచి నిలబడ్డాడు. కూతురు మొలతాడు పట్టుకుని లాగింది, పాత తాడు పుటుక్కున తెగింది. వాడు తప్పటడుగులతో గీత మీదికి వచ్చి నిలబడి చేతులు చాచాడు. నవ్వుతున్నాడు. వాడి లెక్కకు ఆట అయిపోయింది, అమ్మ వచ్చేసింది. నా లెక్కకు ఇంకా ఒక చుట్టు ఉంది.

నేను ఒక్క అంగ పక్కకు వేసి వాణ్ణి దాటుకుని పోయాను.

రెండో చుట్టంతా ఆ ఏడుపు వింటూనే పరిగెత్తాను. మైదానం అవతలికి పోయినా వినపడింది. అట్లాంటి ఏడుపు వాడు ముందెప్పుడూ ఏడవలేదు, తలుపు వెనక కూడా. ఎవరన్నా తరుముతున్నారా అని ఆ రోజు కట్టెలామె అడిగి ఉంటే అవునని చెప్పేదాన్ని. గీత దాటి మోకాళ్ళ మీద పడ్డాను.

"నాలుగు నిమిషాల ఇరవై ఆరు," అంది టీచరమ్మ. "పాసయ్యారు."

నాలుగు సెకన్లు మిగిలాయి. వంగి రెండేళ్ళ పిల్లవాణ్ణి ఎత్తుకుని మళ్ళీ పరుగందుకోవడానికి ఎంతసేపు పడుతుందో ఆ తర్వాత ఎన్నిసార్లు లెక్కపెట్టుకున్నానో నాకే తెలియదు. ఏ లెక్కలోనూ నాలుగు సెకన్లు సరిపోవు.

వాణ్ణి బావ ఎత్తుకుని ఉన్నాడు. కండువాతో ముక్కు తుడుస్తున్నాడు.

"పిల్లోడు చేతులు సాపినాడు మా," అన్నాడు. కోపంగా కాదు. "దాటుకోని పోతివి."

"పాసయినా బావా."

"ఇన్నాలే. మాటంటే మాటే." వాణ్ణి నా వైపు చాచాడు. వాడు రాలేదు. బావ మెడలో ముఖం దాచుకుని కండువా పట్టుకున్నాడు. ఆయనే వేళ్ళు ఒక్కొక్కటీ విడిపించి నాకు అందించి, బస్సు వేళయిందని వెళ్ళిపోయాడు. గేటు దాటేదాకా వాడు ఆయన వైపే చూసి ఏడ్చాడు. నా కూతురు పక్కనే నిలబడి, తమ్ముడి కాలు నిమురుతూ చెప్పింది. "ఏడవగాకురా. అమ్మ నిన్ను సూడల్యా. టీచరమ్మను సూస్తాండె."

పిల్లలు నాకు దక్కారు. ఆ ఏడే బనగానపల్లె పక్క ఒక పల్లెలో బడి ఇచ్చారు. వాడు ఆ సాయంత్రానికే అన్నీ మరచిపోయి నా చేత్తో అన్నం తిన్నాడు. ఇప్పుడు వాడికీ పిల్లలున్నారు. ఇంట్లో నలుగురూ చేరితే నా పరుగు కథ తప్పకుండా వస్తుంది. "నన్ను తొక్కేసి పోయింది మా అమ్మ," అని వాడే నవ్వుతాడు. ప్రతిసారీ నా కూతురు ఊరుకోదు. తల నెరిసినా అదే మాట. "అమ్మ చూడలేదురా. చూసుంటే ఆగేది." అని నా వైపు చూస్తుంది. నేను నవ్వుతాను. అది అప్పుడు మెల్లగా లెక్కపెట్టినట్టే ఇప్పుడూ లెక్కపెడుతోందని నాకు తెలుసు, దానికీ తెలుసు.

నేను చూశాను. తెగిన మొలతాడు వాడి తొడ మీద వేలాడుతోంది. కుడి చెయ్యి విప్పి ఉంది. ఎడమ గుప్పిట్లో అక్క ఇచ్చిన చింతగింజ ఉంది.