తలూపిన తప్పు

మొన్న ఆదివారం ప్లేనోలో మా అమ్మాయి ఇంట్లో అల్లుడూ అతని ఆఫీసు స్నేహితులూ టీవీలో బంతి చేత్తో విసిరే అమెరికా ఫుట్‌బాల్ చూస్తున్నారు. క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతి అవతలి జట్టువాడి చేతిలో పడగానే, "వీడు ప్రిపేర్ అయ్యి రాడా అత్తయ్యా? నేను ఆడినా ఇంతకన్నా నయం!" అని అల్లుడు ఎగిరిపడ్డాడు. "ముందు ఆ సోఫాలోంచి లేవండి బాబూ, తర్వాత ఆడుదురుగాని" అన్నాను. అందరూ నవ్వారు గానీ నాకు కుదురు చిక్కలేదు. మూడుసార్లు వంటింట్లోకి వెళ్లి ఏమీ తేకుండా తిరిగొచ్చాను. ఆ ఆట జరుగుతుంటే నేనెప్పుడూ కూర్చోలేను. ఎందుకో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నా ఈడువాళ్లు గనక మీకు చెబుతాను.

ఈ దేశం వచ్చిన కొత్తలో మా అక్క భర్త, అంటే మా బావగారు, ఒక ప్రొఫెషనల్ జట్టు ప్రాక్టీసు చేసే చోట వంటశాల చూసేవారు. ఎవరి తిండి ఎవరిదో పళ్లేల మీద రాసి ఉంటుంది కాబట్టి చదువొచ్చిన మనిషి కావాలంటే, మా మరదలు ఇంగ్లీషు గడగడా చదువుతుందని బొంకి నన్ను పనిలో పెట్టించారు. నాకప్పటికి నలభై దాటాయి, తెలుగులో అ ఆలు కూడా రావు. మూతల రంగులూ, పేర్చిన వరసా గుర్తుపెట్టుకుని నెట్టుకొచ్చేదాన్ని.

ఆ జట్టులో రెండో క్వార్టర్‌బ్యాక్ ఒకడుండేవాడు. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి ముందు చేతికి తీసుకుని, ఎవరు ఎటు పరిగెత్తాలో మిగతా పదిమందికీ చెప్పేవాడు. మొదటివాడికి దెబ్బ తగిలితే తప్ప ఇతనికి ఆట లేదు. అయినా అందరికంటే ముందు, తెల్లారకుండానే వచ్చి కూర్చుని అట్టముక్కలు తిప్పుతూ వల్లె వేసేవాడు. ఒక్కో అట్ట మీద జట్టుకి చెప్పాల్సిన మాట పురోహితుడి సంకల్పమంత పొడుగుండేది. ఆ వేళకి నేను తప్ప ఇంకో మనిషి ఉండదు. ఒకరోజు ఆ అట్టలు నా చేతిలో పెట్టి, తను అప్పజెబుతాననీ, తప్పుపోతే ఆపమనీ అడిగాడు. చదవడం రాదని అప్పుడే చెప్పాల్సింది. చెబితే బావగారి బొంకు బయటపడి ఇద్దరి పనీ పోతుంది. అతను అప్పజెప్పడం, "కరెక్టేనా మేడమ్?" అనడం, నేను తలూపడం. అలా మూడు వారాలు గడిచాయి.

ఇంతలో మొదటివాడి భుజం జారింది. ఆదివారం ఆట ఇతనిది. సరిగ్గా నడిపితే ఉంచుతారు, లేకపోతే జట్టులోంచి తీసేస్తారని వంటశాలంతా అదే మాట. గురువారం ప్రాక్టీసులో అతను రెండు మాటలు తారుమారు చేశాడు. కొండల్లాంటి మనుషులు సగం ఇటూ సగం అటూ పరిగెత్తి ఒకరినొకరు గుద్దుకోవడం కిటికీలోంచి చూశాను. భోజనాల దగ్గర కోచ్ అందరి ముందూ నిలదీశాడు, తప్పు దారిన పోయిందెవరని. అతను లేచి, తప్పు నాదే, వాళ్లు నేను చెప్పినట్టే వెళ్లారు, నేను చెప్పిందే తప్పు అన్నాడు. నేను సూప్ గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆ తప్పుకీ నేను తలూపే ఉంటాను.

సాయంత్రం గుమ్మం దగ్గర అతణ్ని ఆపి, వచ్చీరాని ఇంగ్లీషులో నిజం చెప్పేశాను. "త్రీ వీక్స్?" అన్నాడు. "త్రీ వీక్స్" అన్నాను. వెళ్లిపోయాడు.

మర్నాడు తెల్లారకముందే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఈసారి అట్టలు తనే పట్టుకుని, ఒక్కో అక్షరం మీద వేలుపెట్టి నాచేత పలికించాడు. నాకు నేర్పడానికో, ఎదుటి మనిషికి చెబుతూ తను కుదుర్చుకోవడానికో నాకిప్పటికీ తెలియదు, రెండూ జరిగాయి. ఆదివారం జట్టు ఓడిపోయింది. కానీ ఒక్కడూ తప్పు దిక్కుకి పరిగెత్తలేదు, అతణ్ని ఉంచారు. కోచ్‌కి నా సంగతి అతను చెప్పలేదు. బావగారికి నేనే చెప్పాను, "కొంప ముంచావు కదే మరదలా!" అని తిట్టి, తన బొంకు తనే మేనేజరు దగ్గర ఒప్పుకున్నారు. నన్ను పళ్లేల దగ్గర్నుంచి గిన్నెలు కడగడానికి మార్చారు. తెలుగు అక్షరాలు ఆ ఏడే అక్క దగ్గర దిద్దాను.

ఇప్పటి క్వార్టర్‌బ్యాక్‌లు కళ్లకి ఏదో యంత్రం కట్టుకుని గదిలో ఒంటరిగా సాధన చేస్తారట, తప్పుపోతే అదే చెబుతుందట. మంచిదే. యంత్రానికి బావగారి బొంకు బయటపడుతుందన్న భయం లేదు, ఊరికే తలూపదు. కానీ నలుగురి ముందూ లేచి తప్పు నాదే అనడం అది ఎలా నేర్పుతుందో నాకు అంతుబట్టదు. నేను మాత్రం అది ఒక మనిషిని చూసి నేర్చుకున్నాను, అయినా నా తప్పు ఆ గదిలో అందరూ ఉన్నప్పుడు ఒప్పుకోలేదు, ఖాళీ అయ్యాక అతనొక్కడి దగ్గరే ఒప్పుకున్నాను.