వేపగింజల లెక్క

తుర్విహాళ దగ్గర మా కాలువ ఆఫీసు క్వార్టర్ల వెనక మొరం పరిచిన ఖాళీ జాగా ఒకటి ఉండేది. రెండు స్తంభాలకు చెక్క పలకలు బిగించి, కమ్మరి చేత ఇనుప రింగులు చేయించి, దాన్ని బాస్కెట్‌బాల్ కోర్టు అనుకునేవాళ్ళం. నేను రాయచూరు నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తాను. సాయంత్రాలు గదిలో కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఆడటానికి వెళ్ళేవాణ్ణి. పొడుగు తప్ప ఆటకు పనికొచ్చే గుణం నాలో మరొకటి లేదు.

మా జట్టులో ఆఫీసువాడు కానివాడు ఒక్కడే. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూమి కొనుక్కున్న రైతు. కాలేజీలో కొన్నాళ్ళు చదివి మానేశాడట, ఈ ఆట అక్కడే అబ్బింది. అలా వచ్చిన రైతులు ఇళ్ళు వేసుకున్న క్యాంపు నుంచి సైకిలు మీద, పిక్కల మీద ఎండిన బురదతోనే వచ్చేవాడు. అంగడి షావుకారు మొదలు మా ప్యూను దాకా ఆ రైతులందర్నీ ‘క్యాంపోళ్ళు’ అనే అనేవాళ్ళు. మా కోర్టులో మాత్రం అతణ్ణి అందరూ ‘అన్నా’ అని పిలిచేవాళ్ళు. ఆ పిలుపు కోసమే అంత దూరం తొక్కుకుంటూ వస్తున్నాడని నాకు అప్పుడే తెలుసు.

బంతి చేతికందితే చాలు, వేసేసేవాడు. పక్కనుంచి, దూరం నుంచి, ఒక్కోసారి ఒంటికాలి మీద. చాలావరకు పలకకు తగిలి తిరిగొచ్చేవి. అయినా ఆ చేతి దూకుడుకు జడిసి ఎదుటివాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి అతని మీద పడేవాళ్ళు. అప్పుడు సందు చూసి బంతి నాకు విసిరేవాడు. నేను రింగు కింద, పెళ్ళివారింట ఎవరూ పలకరించని చుట్టంలా ఒంటరిగా నిలబడి ఉండేవాణ్ణి. అందుకుని పైన వేసేవాణ్ణి, పడేది.

లింగసుగూరు ఆఫీసు జట్టుతో పందెం కుదిరింది. మా జట్టు పెద్ద ఓవర్‌సీరు. తూముల దగ్గర నీళ్ళు కొలిచి ఎవరికెంత వదలాలో చెప్పే మనిషి. కొలవంది ఏదీ ఆయనకు నచ్చదు. ఒక్కో ఆటగాడికి రెండేసి డబ్బాలు పెట్టించాడు. బంతి వేసినప్పుడల్లా మొదటి డబ్బాలో ఒక వేపగింజ, అది రింగులో పడితే రెండో డబ్బాలో ఇంకోటి. కొన్నాళ్ళయ్యాక డబ్బాలన్నీ గచ్చు మీద గుమ్మరించాడు. నా కుప్పలు రెండూ చిన్నవే, కానీ ఇంచుమించు సమానం. ఆ క్యాంపు రైతు మొదటి కుప్ప అందరికన్నా పెద్దది, రెండోది దానిలో సగం కూడా లేదు.

ఇక మీదట నేనే ఎక్కువ వెయ్యాలని, అతను వెయ్యడం మాని అందించాలని ఓవర్‌సీరు తేల్చేశాడు. నేను పైకి మొహమాటపడుతూ లోపల పొంగిపోయాను. అతను మాత్రం ఆ గింజల వంక చాలాసేపు చూశాడు.

"దిగుబడి లేని మడికి నీళ్ళెందుకండీ. గుమాస్తా గారే వెయ్యాలి," అన్నాడు.

కోపంతో అన్నా బాగుండేది. మనసారా నమ్మి అన్నాడు.

పందెం రోజు చెప్పినట్టే ఆడాడు. వచ్చిన బంతి వచ్చినట్టు నాకే ఇచ్చాడు. లింగసుగూరువాళ్ళు కాసేపు చూశారు. వెయ్యనివాడికి కాపలా ఎందుకని అతణ్ణి వదిలేసి నా చుట్టూ మూగారు. ఎటు చూసినా చేతులే. నేను వేసిన ఒక్కో బంతీ ఒక్కో దిక్కుకు పోయింది. ఒకసారి అతను బంతి పట్టుకుని రింగుకు ఎదురుగా నిలబడ్డాడు, దరిదాపుల్లో ఎవరూ లేరు. వెయ్యమని అరిచాను. తల అడ్డంగా ఊపి నాకే విసిరాడు. చిత్తుగా ఓడిపోయాం.

ఆ తర్వాత అతను ఆటకు రాలేదు. నాట్ల పనిలో ఉన్నాడనుకున్నాం. నాట్లయ్యాయి, కోతలూ అయ్యాయి. అతను లేని ఆటలో నా మీద ఎప్పుడూ ఎవడో ఒకడు ఉండేవాడు, రింగు కింద నాకు మళ్ళీ ఖాళీ దొరకలేదు. నా కుప్పలు సమానంగా ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది. వెళ్ళి చెప్పాలనుకున్నాను. క్యాంపు దారంతా నల్లరేగడి బురద. ఆరనీ, ఆరాక వెళ్దాం అనుకుంటుండగానే రాయచూరుకు బదిలీ అయింది.

ఏళ్ళ తర్వాత ఆఫీసు పని మీద అటు వెళ్ళి, అతని పొలం గట్టు ఎక్కాను. జుట్టు నెరిసింది. ఆప్యాయంగా పలకరించి పొలం చూపించాడు. కాలువ నీళ్ళు సరిపోని ఒక ఏడాది, సరిగ్గా పండటం లేదని పై మడికి నీళ్ళు ఆపేశాడట. దాంతో బంగారంలా పండే కింది మడి ఎండిపోయింది. పై మడి నుంచి దిగే ఊటే దాన్ని పండిస్తోందని అప్పుడుగానీ తెలియలేదని చెప్పి తనే నవ్వాడు.

ఇన్నాళ్ళూ దాచుకున్న మాట నోటికొచ్చింది. "మన ఆట గూడ గిట్లనే అన్నా. నువ్వు ఏస్తవని వాళ్ళు నీ మీద పడేది, నాకు జాగ దొరికేది. నా డబ్బాల గింజలన్ని నీవే."

అతను నా భుజం తట్టాడు. "మడి సంగతి వేరండి. మీరు అభిమానం కొద్దీ అంటున్నారు గానీ, గింజలు నేనూ చూశాను కదండీ."

ఎంత చెప్పినా వినలేదు. చివరికి, ఆ తర్వాత ఎక్కడైనా ఆడావా అని అడిగాను.

"లేదండి. ఇంకోళ్ళ ఆట కూడా పాడుచెయ్యడం ఎందుకని," అన్నాడు.