కడగని నేలఉసిరి

నా భర్తకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు మా అత్త భయపడలేదు. కొడవలూరు దగ్గర మా ఊళ్లో కామెర్లు ఎవరికి వచ్చినా ఆమె కాచే నేలఉసిరి కషాయమే దిక్కు. పొద్దు పొడవకముందే గట్టు మీదికి పోయి, వేరుతో పెరికి, మంచు ఆరకముందే పొయ్యి మీద పెట్టేది. ఆకును కడగనిచ్చేది కాదు. కడిగితే గుణం పోతుందట. మట్టి దులిపి కుండలో వేయడమే.

ఉన్నమాట చెప్పాలి, ఆయనకు అది పనిచేసింది. నోటికి రుచి తెలిసింది. కళ్ల పసుపు తగ్గింది. మజ్జిగన్నం అడిగి తిన్నాడు.

ఇంతలో మా గట్టు మీద ఆకు అయిపోయింది. అత్త పక్కచేని గట్టు మీద పెరుక్కొచ్చింది. పురుగుమందు మా ఊరికి కొత్తగా వచ్చిన ఏడాది అది. ముందురోజు సాయంత్రమే ఆ చేలో కూలోళ్లు డబ్బాలు వీపున కట్టుకొని కొట్టారు. ఊరు నిలబడి వేడుక చూసింది. అత్తా చూసింది, నేనూ చూశాను. పైరుకు కొట్టింది గట్టు మీది ఆకుకూ అంటుతుందని ఒక్కరికీ తోచలేదు.

కుండ కాగుతుంటే కిరసనాయిలు లాంటి వాసన వచ్చింది.

"అత్తా, ఏందో వాసన వస్తా ఉండాది. పారబోసి వేరే ఆకు కాద్దామా?"

"నీకు నీళ్లు కూడా వాసనే మే. పుట్టింట్లో పన్నీరు తాగి పెరిగినావా?"

ఆయన మంచం మీద నుంచి నవ్వాడు. "ఈ కషాయం ఎప్పుడు కమ్మగా ఉండింది గనక? ఇటియ్యి మా."

తాగాడు. కాసేపటికే వాంతులు. తర్వాత కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి, నోట నురగ వచ్చింది. బండి కట్టి నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయాం.

డాక్టరు నోటి దగ్గర వాసన చూసి నా వైపు తిరిగాడు. "పురుగుమందు తాగాడా? ఇంట్లో ఏమన్నా గొడవా?"

"నేలుసిరి తాగినాడు సామీ. నా చేత్తోనే కాచినా," అంది అత్త.

ఎక్కడ పెరికిందో అడిగి తెలుసుకున్నాడు. "ఆకు మంచిదేనమ్మా. దాని మీద పడిందే విషం," అన్నాడు. సాయంత్రానికి నా భర్త పోయాడు.

ఆ తర్వాత మా ఊళ్లో నేలఉసిరి ముట్టినవాళ్లు లేరు. ఎవరైనా అడగవస్తే అత్త వాకిట్లోనే తిప్పి పంపేది. అదే గట్టు మీది పొన్నగంటాకు మాత్రం కోసుకొచ్చి వండుకుంటూనే ఉన్నారు. వద్దని చెప్పాను.

"కూరాకు కడుగుతాం గదా," అన్నారు.

కడిగితే ఎంత పోతుందో, ఎంత మిగులుతుందో నాకు తెలియదు. చెప్పినవాళ్లూ లేరు. నేను మాత్రం తినలేదు.