మిషన్లో వచ్చిన అమ్మవారు

నాకు మొటిమలు మొదలైనప్పుడు నేను తొమ్మిదో తరగతి. తొంభైల చివర. చౌడేపల్లె దగ్గర మా ఊళ్ళో మొటిమలు రాని ఆడపిల్ల ఉండదు. వస్తాయి, పోతాయి. నావాటికి రావడమే తెలుసు, పోవడం తెలియదు. బుగ్గల మీద రేగుపండ్లంత గడ్డలు, గడ్డం కింద చీము, ఒకటి మానితే దాని పక్కనే రెండు. డిగ్రీకి వచ్చేసరికి నా మొహం ఊరందరి సొత్తయిపోయింది. పాలు పోయడానికి డెయిరీ కాడికి పోతే చాలు, క్యాన్ల పక్కన నిలబడ్డ ప్రతి ఆడమనిషీ ఒక వైద్యం చెప్పేది.

"ఒంట్లో వేడమ్మా అది. పొద్దున్నే రాగంబలి తాగు."

"చెనిక్కాయలు తింటాండావా? మానేయ్ ముందు."

వేరుశనగ పండించే ఇంట్లో పుట్టి చెనిక్కాయలు తినకూడదట! మానేశాను కూడా. ఏం లాభం? కడుపు మాడిందే కానీ మొహం మారలేదు. చివరికి పాలు పోసే పని మా యమ్మకు వదిలేసి నేను ఇంట్లోనే ఉండిపోయాను. జనం చూపులకంటే నాకు వాళ్ళ జాలి ఎక్కువ మంట పుట్టించేది.

కానీ నాకు టీచరు కావాలని చిన్నప్పటి నుంచీ ఒకటే పిచ్చి. లెక్కలంటే ప్రాణం. కుప్పంలో బి.ఇడి. సీటు వచ్చింది, హాస్టల్లో చేరాను. అసలు కష్టం అక్కడ మొదలైంది. బడికి పోయి నిజం పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పాలి. నేను నిలబడేదాన్ని, బోర్డు వైపు తిరిగి. రాస్తూనే చెప్పేదాన్ని, చెబుతూనే రాసేదాన్ని, బోర్డు నిండిపోతే తుడిచి మళ్ళీ రాసేదాన్ని. వెనక ఎవరు వింటున్నారో, ఎవరు గోళీలు ఆడుకుంటున్నారో నాకు తెలిసేది కాదు. పిల్లలు నాకు 'వీపు టీచర్' అని పేరు పెట్టారు. పిల్లలు పెట్టే పేర్లలో అబద్ధం ఉండదు కదా, అదే నా ఏడుపు.

మా లెక్కల లెక్చరరు మంచాయన. ఒకరోజు నన్ను పక్కకు పిలిచాడు.

"లెక్కలు నీకు బాగా వచ్చునమ్మా. పాఠం మాత్రం గోడకు చెప్తాండావు. చివరి పరీక్ష పాఠానికి బయటి నుంచి ఎగ్జామినరు వస్తాడు. ఆ రోజన్నా పిల్లల పక్క తిరుగు. తిరగలేదంటే నేనేమీ చేయలేను."

ఆ మాట నేను హాస్టలు ఫోను నుంచి మా నాయనకు చెప్పి ఏడ్చాను. మా నాయన పది ఆవులతో పొద్దు గడిపే మనిషి, మాటలు తక్కువ. నాలుగు రోజుల తర్వాత తనే ఫోను చేసి, మదనపల్లెకు ఆదివారం ఆదివారం బెంగుళూరు నుంచి ఒక చర్మం డాక్టరు వస్తాడనీ, ఆయన కాడ లైటుతో మొటిమలు తీసే మిషను ఉండాదనీ చెప్పాడు. పాల వ్యాను డ్రైవరు చెప్పాడట.

ఇది విని మా అవ్వ, అంటే మా నాయన వాళ్ళమ్మ, ఎగిరి పడింది. "వేడికి వేడే మందా? దానికి మదనపల్లె దాకా యాల? పొయ్యిలో పెట్టుకోమను మొగం, ఈడనే పోతాది!"

మా అవ్వతో వాదించి గెలిచిన వాళ్ళు మా వంశంలో లేరు. మేం వాదించకుండా బస్సెక్కేశాం.

మందుల షాపు మీద మేడగది అది. కింద మాత్రలు, పైన వెలుగు. మొదటి రోజు నా కళ్ళకు నల్లద్దాలు పెట్టి బల్ల మీద పడుకోబెట్టారు. మొహానికి జానెడు ఎత్తున ఒక పలక లాంటిది వంచి స్విచ్చి వేశారు. అబ్బ! ఆ నీలాన్ని ఎలా చెప్పను? అద్దాలున్నాయి, రెప్పలు మూసుకున్నాను, అయినా లోపలికి వచ్చేసింది. వేడి లేదు, చప్పుడు లేదు. మందు పూయలేదు, సూది గుచ్చలేదు. ఊరికే వెలుగు వచ్చి నా మొహం మీద కూర్చుంది. ఎవరూ చూడకూడదని ఆరేళ్ళుగా దాచుకున్న మొహం మీద ఒక వెలుగు అంతసేపు కూర్చోవడం, అసహ్యించుకోకుండా కూర్చోవడం! నాకు ఒళ్ళంతా పులకరించింది. అద్దాల కింద కన్నీళ్ళు కారుతుంటే నర్సు భయపడి, "మండుతోందా?" అని అడిగింది. లేదని తల ఊపాను.

మధ్యలో కరెంటు పోయింది. గది నల్లబడింది. కింద జనరేటరు దడదడమని మొదలవగానే నీలం మళ్ళీ వచ్చింది. అప్పుడు తల పక్కకు తిప్పి చూస్తే, తలుపు దగ్గర మా నాయన. ఆయనకూ నల్లద్దాలిచ్చారు. చెప్పులు బయట విడిచి, చేతులు రెండూ జోడించి నిలబడి ఉన్నాడు. తను దండం పెడుతున్న సంగతి ఆయనకే తెలియదనుకుంటాను.

నీలం లైటు కొన్ని వారాలు నడిచింది. గడ్డలు కొంచెం అణిగాయి. అప్పుడు డాక్టరు, మచ్చలకు లేజరు కొడదాం అన్నాడు. అది నీలం లైటంత సాధువు కాదు. టిక్కు టిక్కుమంటూ, రబ్బరు బ్యాండు సాగదీసి కొట్టినట్టు చురుక్కు చురుక్కుమని. వెంట్రుక కాలిన వాసన కూడా వచ్చింది. అయిపోయాక డాక్టరు, "కొంచెం ఎర్రబడుతుంది, భయపడొద్దు. ఎండ మాత్రం తగలనివ్వొద్దు" అన్నాడు. మా సీమలో ఎండ తగలకుండా ఎలా బతకాలో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ రోజు పుంగనూరు బస్సులో నాకు దొరికింది ఎండ వైపు కిటికీ. పుంగనూరులో దిగితే మా ఊరి దాకా వచ్చే ఆటోలు లేవు. దొరికిన ఆటో రోడ్డు మీదే దింపేసి పోయింది. అక్కడి నుంచి మిట్టమధ్యాహ్నం, నెత్తిన చున్నీ వేసుకుని చేల గట్ల మీద నడిచాను. మా నాయన తన తువ్వాలు కూడా ఇచ్చాడు. చున్నీ, తువ్వాలు మా ఎండకు ఒక లెక్కా?

తెల్లారి లేచేసరికి కళ్ళు తెరుచుకోలేదు. మొహం ఉబ్బి, కమిలి, బుగ్గల మీదంతా నీటి పొక్కులు. అద్దం చూసి నేను అరిచిన అరుపుకు అందరికంటే ముందు వచ్చింది అవ్వ. తిడుతుందనుకున్నాను. నేను చెప్తే వింటిరా అంటుందనుకున్నాను. అవ్వ గుమ్మంలోనే ఆగిపోయింది. కొంగు తీసి నడుముకు చుట్టుకుంది. నేల మీద మోకాళ్ళూని నాకు మొక్కింది.

"వచ్చినావా తల్లీ, మా ఇంటికి వచ్చినావా" అంది.

అమ్మవారు పోసిందని అవ్వ తీర్పు. మా నాయన చెప్పబోయాడు. "అమ్మోరు కాదుమా అది. మిషను కొట్టినారు, దాని మీద ఎండ కొట్టింది."

"మిషన్లో వస్తే ఏమి, బస్సులో వస్తే ఏమి? ఆమె యాడనుంచి రావాల్నో నువ్వు సెప్తావా ఆమెకు?" అంది అవ్వ.

మా నాయన ఊళ్ళోకి పోయి డాక్టరుకు ఫోను చేసి వచ్చాడు. ఎండలోకి పంపొద్దు, గిల్లొద్దు, రుద్దొద్దు, చల్లటి తడిగుడ్డ వేయండి, తగ్గిపోతుంది అని చెప్పాడట. అప్పటికే అవ్వ గుమ్మానికి వేపమండలు కట్టి, నన్ను చీకటి గదిలో మెత్తటి పాత చీర మీద పడుకోబెట్టి, తడిగుడ్డ వేసి కూర్చుని ఉంది. డాక్టరు చెప్పిందంతా విని, "అదే గదా నేను సేస్తాండేది" అంది.

ఇంట్లో తాలింపు ఆగిపోయింది. మా యమ్మ పోపు లేని పప్పు, పెరుగన్నం, పలచటి అంబలి తప్ప ఏమీ వండలేదు. పెద్దగా మాట్లాడకూడదు, ఎవరినీ తిట్టకూడదు. అవ్వ తిట్టకుండా రోజంతా గడపడం మా ఇంట్లో నేను చూసిన మొదటి మహిమ! నన్ను ఏమే, ఒసే అని పిలిచే మనిషి, ఆ రోజుల్లో తల్లీ అనే పిలిచింది. "అంబలి తాగుతావా తల్లీ? సల్లబడినావా తల్లీ?" మొదట్లో నాకు నవ్వు ఆగేది కాదు. తడిగుడ్డ కింద పెదవి కొరుక్కునేదాన్ని.

తర్వాత ఊరి ఆడవాళ్ళు రావడం మొదలైంది. డెయిరీ కాడ నాకు వైద్యాలు చెప్పినవాళ్ళే. గడప బయట కాళ్ళు కడుక్కుని, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, ఒక్కొక్కరే తలుపు దగ్గరికి వచ్చారు. నా మొహంలోకి చూశారు. పక్కకు చూపు తిప్పుకోకుండా, అయ్యో పాపం అనకుండా, నేరుగా చూశారు. మొక్కి, సల్లగా సూడు తల్లీ అనుకుని పోయారు. నా నవ్వు ఎక్కడ పోయిందో తెలియదు. నేను చదువుకున్నదాన్ని. అది ఎండకు కాలిన చర్మమని నాకు బాగా తెలుసు. అయినా నా రోమాలు నిలబడ్డాయి. ఇంత భయంకరంగా నా మొహం ఎప్పుడూ లేదు, ఇంత గౌరవంగా దాన్ని ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

ఒక మధ్యాహ్నం అవ్వ నా చెయ్యి తీసుకుని తన బుగ్గ మీద పెట్టుకుంది. అవ్వ మొహం నిండా గుంతలు. చిన్నప్పుడు ఆమెకు పెద్దమ్మవారు పోసిందని తెలుసు. పుట్టినప్పటి నుంచీ ఆ గుంతలు చూస్తూనే ఉన్నాను, అవి మచ్చలని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. అది అవ్వ మొహం, అంతే.

"ఈడంతా అమ్మోరు నడిసిపోయిన జాడలే. ఆమె నడిసిన తావును ఎవురన్నా దాపెట్టుకుంటారా?" అంది.

నా వేళ్ళు చాలాసేపు అక్కడే ఉండిపోయాయి.

ఇదంతా బాగానే ఉంది కానీ, పరీక్ష పాఠం దగ్గర పడింది. తలకు వేపాకు నీళ్ళు పోసేదాకా గడప దాటకూడదు. అవ్వ లెక్క ప్రకారం నీళ్ళు పోసేది పరీక్ష అయిపోయిన రెండు రోజులకు! నాయన బతిమాలాడు, అమ్మ బతిమాలింది. అవ్వ వినలేదు. అమ్మవారిని బస్సులో తిప్పుతారా, ఊరికి అరిష్టం అంది. ఆ రోజు పోకపోతే నా ఏడాది పోతుంది. ఏడాదే కాదు, ఇంకోసారి ఆ గదిలోకి అడుగుపెట్టే ధైర్యం నాకు ఉండదు. అది నాకు తెలుసు.

మా పక్క ఒక ఆచారం ఉంది. అమ్మవారు ఒంటి మీద ఉన్న మనిషి ఏది అడిగినా కాదనకూడదు. పిల్లలైతే బెల్లమో, కొత్త గౌనో అడుగుతారు, ఎలాగో తెచ్చి పెడతారు. తెలివిగా అదను చూసి అడిగానని చెప్పుకోవాలని ఉంది కానీ, నేను అంత తెలివైనదాన్ని కాదు. వెక్కి వెక్కి ఏడుస్తూ అన్నాను.

"అవ్వా, నేను కుప్పం పోవాల. నాకు ఇంకేమీ వొద్దు. కుప్పం పోవాల."

అవ్వ లేచి, పెట్టెలోంచి ఊరికి కట్టుకుపోయే చీర తీసింది.

"ఆమే పోతానంటే ఆపేదానికి నేనెవురు? పదండి. నేనూ వస్తా. దావలో ఎండ తగిలిందో, సూడండి మీ పని!"

అలా బయల్దేరాం. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో వేపమండ పట్టుకుని అవ్వ ముందు, మొహం మీద తడిగుడ్డతో నేను, వెనక నాయన. పుంగనూరులో బస్సెక్కగానే వేపమండ చూసి కండక్టరు ముందు సీటు ఖాళీ చేయించాడు. టిక్కెట్టు కొడుతూనే వేపమండ తాకి కళ్ళకద్దుకున్నాడు. పలమనేరు దాటేదాకా మా వెనక సీట్లో ఎవరూ కూర్చోలేదు.

కుప్పంలో ఆరో తరగతి గది. వెనక బెంచీలో ఎగ్జామినరు, ఆయన పక్కన మా లెక్చరరు. బయట వరండాలో అవ్వ. పాఠం భిన్నాలు. నేను లోపలికి పోయి, అలవాటు ప్రకారం బోర్డు మీద పాఠం పేరు రాశాను. ముఖానికి గుడ్డ లేదు. చర్మం పొరలు పొరలుగా లేస్తోంది. వీపు మీద అందరి చూపులూ తగులుతున్నాయి. వారం రోజులుగా ఊరి చూపులన్నీ మొహం మీదే మోసినదాన్ని, వీటికి ఎందుకు ఇంత వణుకుతున్నాను అనిపించింది. తిరిగాను.

ముందు బెంచీ పిల్లవాడు లేచాడు.

"టీచర్, మొగానికి ఏమైంది?"

"లైటు పెట్టించుకుంటి నాయనా. దాని మీద ఎండలో తిరిగితి. కాలింది."

"నొస్తాండాదా?"

"నొస్తాండాది."

"ఓ" అని వాడు కూర్చుని నోట్‌బుక్ తెరిచాడు. అంతే! ఆరేళ్ళు నేను చచ్చేంత భయపడిన ప్రశ్న, దాని జవాబు, రెండూ అయిపోయాయి.

అప్పుడు చూశాను వాళ్ళను. దేవుడా, ఎన్ని మొహాలు! ఒకడికి ముందు పన్ను లేదు. ఒకతి కాటుక చెంప దాకా పాకింది. ఇద్దరు ఒకే మాదిరి ఉన్నారు, కవలలేమో. ఆ గదికి నేను ఎన్నోసార్లు వచ్చాను. నా మొహం దాచుకునే తొందరలో వాళ్ళలో ఒక్కరి మొహం కూడా నేను చూసి ఉండలేదు.

సగంలో సగం ఎంతో చెబుతున్నాను. మూడో బెంచీ చివర ఒక పిల్ల తల ఊపుతూ, రాస్తూ, బుద్ధిగా ఉంది. కానీ ఆ పిల్ల కళ్ళలో పాఠం లేదు. నేను ఆగాను.

"నీకు అర్థం కాలేదు కదమ్మా?"

పిల్ల ఉలిక్కిపడింది. తలవంచుకుని, "కాలేదు టీచర్" అంది.

చేతిలో చాక్‌పీసు ఉంది. ఆ పిల్ల దగ్గరికి పోయి రెండుగా విరిచాను, ఒక ముక్క ఆమె చేతిలో పెట్టి దాన్ని విరవమన్నాను. విరిచింది. చిన్న ముక్కను చూసుకుంది, నా చేతిలో మిగిలిన పెద్ద ముక్క పక్కన పెట్టి చూసుకుంది. నేను ఆమె మొహాన్నే చూస్తున్నాను. కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి, పెదవులు ఏదో లెక్కపెట్టాయి, ఉన్నట్టుండి నుదురంతా విచ్చుకుంది.

"పావు!" అంది గట్టిగా.