ముక్కుపొడుగు చేపకు అన్నం పెట్టడం

నేను కడపలో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేస్తాను. ఒక ఎండాకాలం కర్నూలులో ఒక డాక్టరుగారింటికి పిలిచారు. చేపలతొట్టిలో ఉప్పునీళ్లు చల్లబరిచే మిషన్ ఆగిపోయింది. దాన్ని బాగుచేసి లేచి చూస్తే, పగడపు రాళ్ల మధ్య పసుపు పట్టీల చేప ఒకటి, సన్నటి పొడుగు మూతితో సందులన్నీ వెతుకుతా తిరుగుతోంది. సీతాకోకచిలుక చేప అన్నారాయన. వెనక్కొచ్చే బస్సులోనే అనుకున్నా, ఇది మా ఇంట్లో ఉండాల్సిందేనని.

నాలుగడుగుల తొట్టి కొన్నా. రాగి గొట్టం తగిలితే ఉప్పునీళ్లు విషమవుతాయని తెలుసుకొని, టైటానియం గొట్టపు చుట్ట తెప్పించి, పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో చల్లబరిచే మిషన్ నేనే కట్టుకున్నా. కొత్త తొట్టిలో నీళ్లు చేప బతికేలా కుదురుకునేదాకా ఏడు నెలలు ఆగా. అప్పుడు మద్రాసులో చేపల అంగడాయనకు చెప్పి ఆ రకం చేప తెప్పించా.

అది ఏం వేసినా నోట్లోకి తీసుకొని ఊసేసింది. పన్నెండో రోజు చచ్చిపోయింది.

దాన్ని జల్లెడతో బయటికి తీసింది మా ఆవిడే. "అది ఏం తింటాదో తెలుసుకోకుండా ఎట్ల తెచ్చినావు?" అంది.

అన్నీ తింటుందని అంగడాయన చెప్పాడు. అదే నమ్మా. కర్నూలు డాక్టరుగారికి ఫోన్ చేశా. "ఇవి చాలావరకు ఆకలితోనే పోతాయి. తినేది నీ కళ్లతో చూడకుండా తేవద్దు" అన్నారు.

ఏడాది తర్వాత నేనే మద్రాసు పోయా. రెండుసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చా. మూడోసారి అంగడాయన విసుక్కున్నాడు.

"ఎన్నిసార్లు వస్తారు సార్?"

"అది తినేదాకా."

ఆ రోజు ఒక చేప రొయ్యముక్క లాక్కొని మింగింది. థర్మాకోల్ పెట్టెలో పెట్టి, రైల్లో ఒళ్లోనే పెట్టుకొని తెచ్చా.

ఇంటికొచ్చాక మళ్లీ తిండి మానేసింది. ఐదు రోజులు. మా ఆవిడ తొట్టి ముందర కూర్చొని కూరగాయలు తరుక్కుంటా దాన్నే చూసేది.

"ఆ మూతి చూడు, సందులో దూర్చి లాక్కునేదానికే ఉండాది. నువ్వేమో నీళ్లలో చల్లుతాండావు" అంది.

రొయ్యల్ని మెత్తగా నూరి, బొక్కలున్న రాయి ఒకటి తీసి, ఆ బొక్కల్లో వేలితో కూరింది. చేప దగ్గరికి రాలేదు. పొద్దున పెట్టడం, సాయంత్రం తీసి కడగడం, మరుసటి రోజు మళ్లీ పెట్టడం. నేను ఆశ వదులుకున్నా, తను వదల్లేదు.

మూడోరోజు నేను కమలాపురంలో ఒకరి మిద్దె మీద ఏసీ విప్పి ఉన్నా. ఫోన్ మోగింది.

"తింటాండాది! బిరీన రా!"

ఆ ఇంటాయనకు సర్దిచెప్పి బండెక్కా. నేనొచ్చేసరికి బొక్కలన్నీ ఖాళీ. మరుసటి రోజు పనికి పోలేదు. తను రాయి దించింది. చేప అటూ ఇటూ రెండు చుట్లు తిరిగి, మూతి దూర్చి ఒక చిన్న ముద్ద లాగింది. ఇంకొకటి. మేమిద్దరం గట్టిగా ఊపిరి కూడా తీసుకోలేదు.

ఇప్పుడు దానికి మా ఇంట్లో మూడో ఏడు. ఎండాకాలం కరెంటు పోతే గడ్డకట్టిన నీళ్లసీసాలు తొట్టిలో వేసి, వంతులేసుకొని మారుస్తాం. మొన్న మైదుకూరులో మా ఆవిడ చెల్లెలి కూతురి పెళ్లికి కూడా వంతులే: పొద్దున తను పోయొచ్చింది, సాయంత్రం విందుకు నేను పోయా.