ఫిర్మాన్ మేయర్ కట్టించిన హాలు

పద్దెనిమిదేళ్లలో ఏం చేశారని ఎవరైనా అడిగితే మా మేయర్ ఫిర్మాన్ నోటితో జవాబు చెప్పడు. వేలెత్తి హాలు చూపిస్తాడు. ఓక్ చెక్క నేల, రెండొందల కుర్చీలు. ఫ్రాన్సు నడుమ లిమూజాన్ కొండల్లో ఆవులు మేపుకునే ఈ ఊళ్లో ఉన్నది నూట అరవై మంది. మేయర్ ఆఫీసు గుమాస్తాగా ఆ లెక్క చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

హాలు కట్టడానికి ముందు సంవత్సరం మా ముసలి డాక్టరు పని మానుకున్నాడు. ఓ కుర్ర డాక్టరమ్మ వచ్చి ఊరు చూసి, పాత బడి పై అంతస్తు బాగుచేయించి ఇస్తే ఇక్కడే ఉంటానంది. ఊరి డబ్బుతో హాలైనా కట్టాలి, బడైనా బాగుచేయించాలి, రెండింట్లో ఏదో ఒకటే చేయగలం. కౌన్సిల్లో ఫిర్మాన్ బల్ల గుద్దాడు.

"డాక్టర్లు ఇవాళ వస్తారు, రేపు పోతారు. హాలు మన మనవలక్కూడా ఉంటుంది."

చేతులన్నీ లేచాయి. ఆ సాయంత్రం వాళ్లింట్లో భోజనానికి కూర్చుంటే, ఆయన భార్య ఒడీల్ రొట్టె కోస్తూ, "రేపు నాకు జ్వరమొస్తే హాల్లో డాన్స్ పెట్టించు, తగ్గిపోతుంది" అంది. అందరం పడీపడీ నవ్వాం.

అప్పట్నుంచి మాకు చావు కూడా సుళువుగా జరగదు. ఇంట్లో ఎవరైనా పోతే, డాక్టరు వచ్చి సంతకం పెట్టేదాకా శవాన్ని తీసుకెళ్లకూడదు. డాక్టరేమో నలభై కిలోమీటర్ల అవతల. జనం మేయర్‌కే ఫోన్ చేస్తారు. ఆయన వెళ్లి, శవం పాడవకుండా హీటర్ ఆపి, కిటికీలు తెరిచి, శవం పక్కన కూర్చుంటాడు. పదకొండు ఇళ్లలో కూర్చున్నాడు. నన్నడిగితే ఆయన చేసిన పాలన అదే.

జనవరిలో ఒక శనివారం పొద్దున్నే నాకు ఫోన్ చేశాడు. "మిరెయ్, ఒడీల్ పోయింది." నాలుగు రోజులుగా గుండెలో మంటగా ఉందంటే, డాక్టరు దగ్గర మంగళవారం దాకా ఖాళీ లేదన్నారట.

నేను వెళ్లేసరికి కిటికీలు తెరిచే ఉన్నాయి. ఆయన కోటు వేసుకుని మంచం పక్కన కూర్చున్నాడు. సంతకానికి డాక్టర్ని పంపమని రోజంతా ఫోన్లు చేశాను. "ఉన్నది ఇద్దరు డాక్టర్లండీ, ముందు బతికున్నవాళ్లని చూడాలిగా" అంది అవతలి గొంతు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

మధ్యాహ్నం డిప్యూటీ మేయర్ రెజీస్ సూప్ గిన్నెతో వచ్చాడు.

"నీ తప్పేం లేదు ఫిర్మాన్. ఇలా అవుతుందని ఎవరనుకున్నారు?"

"ఆ రోజు నాకంటే ముందు చెయ్యెత్తావు. ఇప్పుడు ఎత్తు, చూద్దాం."

రెజీస్ గిన్నె బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు.

డాక్టరు ఆదివారం మధ్యాహ్నానికి వచ్చాడు. ఐదు నిమిషాల పని. సంతకం పెడుతూ ఊరికే అడిగాడు.

"ఊళ్లో డాక్టరెవరూ లేరా?"

"లేరు. నేనే వద్దన్నాను." ఫిర్మాన్ నావైపు తిరిగాడు. "కౌన్సిల్ మినిట్స్‌లో రాయి మిరెయ్. మేయర్ వద్దన్నాడని రాయి."

ఏం రాయను? హాలుకి చేతులెత్తిన ఆనాటి మినిట్స్ కూడా నా చేతిరాతే. ఏకగ్రీవంగా ఆమోదించడమైనది అని రాసి, అందరం చప్పట్లు కొట్టామని కూడా రాశాను.